రెండో మాట

బెడ్‌పాన్ కావలసి వచ్చి పెద్దాయన "దేవుడు" అన్నాడు. చూడ్డానికి వచ్చిన పక్కింటివాళ్ళు కళ్ళు తుడుచుకున్నారు.

"విన్నారా పిన్నిగారూ? ఆ గొంతులో ఎంత ఆర్తి ఉందో" అంది పక్కింటావిడ.

ఆర్తి ఎందుకో పెద్దాయన భార్య పిన్నిగారికి తెలుసు. "మీరు కాసేపు ముందుగదిలో కూర్చోండమ్మా" అని అందర్నీ పంపించి తలుపేసింది.

పక్షవాతం వచ్చి పెద్దాయన మాటలన్నీ ఊడ్చుకుపోయింది. వైద్యానికి దగ్గరగా ఉంటుందని ఆ తర్వాతే మొగుడూపెళ్ళాలు ఈ అపార్ట్‌మెంట్‌లో నాలుగో అంతస్తుకు మారారు. కొన్నాళ్ళకు ఒక మాట తిరిగొచ్చింది. ఒక్కటంటే ఒక్కటే. కాఫీలో చక్కెర తక్కువైతే "దేవుడు". దోమ కుడితే "దేవుడు". ఫ్యాను పెంచాలన్నా "దేవుడు", తగ్గించాలన్నా "దేవుడు". నాలుగో అంతస్తులో ఒక మహానుభావుడు దిగాడని అపార్ట్‌మెంటంతా గుప్పుమంది.

మాటలు నేర్పే డాక్టరమ్మ మాత్రం ఇందులో మహిమా లేదు, మట్టీ లేదని తేల్చేసింది.

"ఆయన జీవితంలో ఎక్కువగా వాడిన మాట ముందొచ్చింది. దాని పక్కన ఎప్పుడూ ఉండే మాట తర్వాత వస్తుంది. అదొక్కటి వస్తే మిగతావన్నీ కదులుతాయి. మొదటి మాట అన్నాక చుట్టూ ఉన్నవాళ్ళు నోరు మూసుకుని ఆగాలి. అంతకు మించి మందు లేదు."

ఆ మందే దొరకడం లేదు. పెద్దాయన "దేవుడు" అంటాడు. రెండో మాట కోసం పెదవులు కూడదీసుకుంటాడు. ఈలోగా భక్తబృందం "ఆహా, ఏం నామం, ఏం నామం" అంటూ మీద పడిపోతుంది. రాబోయిన మాట గొంతులోనే కుదేలవుతుంది. పెద్దాయన మొహం కందగడ్డ అవుతుంది. దాన్ని వాళ్ళు పారవశ్యం కింద జమకట్టుకుంటారు.

పిన్నిగారికి ఒళ్ళు మండేది. కానీ కసరడానికి నోరు రాదు. లిఫ్టు చెడిపోయి బోర్డు తగిలించుకుని కూర్చుంది. పెద్దాయన్ని కుర్చీతో సహా ఎత్తి, మెట్లు దించి, డాక్టరమ్మ దగ్గరికి చేర్చేది ఈ భక్తులే. వాళ్ళకు కోపం వస్తే ఆయన మంచానికి, ఆవిడ ఆయనకు అతుక్కుపోవలసిందే. అందుకే అడిగినంతవరకే జవాబు చెప్పేది.

"పెద్దాయన ఏం చేసేవారు పిన్నిగారూ?"

"ఊరూరా తిరిగి ఉపన్యాసాలు ఇచ్చేవారు."

"దేని గురించి?"

"దేవుడి గురించే."

గోడమీద ఫోటోలో పెద్దాయన మైకు ముందు నిలబడి ఆకాశంవైపు వేలు చూపిస్తున్నాడు. అది చూశాక ఇంకెవరూ ఏమీ అడగలేదు.

రెండో అంతస్తులో రిటైరైన లెక్చరర్ ఒకాయన ఉన్నాడు. వెనకాల అందరూ నిఘంటువు అంటారు. ఎదురుగా ఎవరూ ఏమీ అనరు, అంటే అర్థం చెబుతాడని. ఆయన రోజూ సాయంత్రం వచ్చి మంచం పక్కన చేరి, పెద్దాయన ఒక్క మాటకీ వ్యాఖ్యానం మొదలెట్టాడు.

"దేవుడంటే వెలిగేవాడని అర్థం. పేరులోనే వెలుగుంది. ఆ వెలుగును నోరారా కీర్తించమని పెద్దాయన మనకు చెబుతున్నారు."

"దేవుడు" అన్నాడు పెద్దాయన, ట్యూబులైటు కళ్ళల్లో పడుతోంది, ఆర్పి చావండని.

"చూశారా, ఔనంటున్నారు" అన్నాడు నిఘంటువు.

ఒకరోజు అపార్ట్‌మెంట్ సెక్రటరీ వచ్చాడు. సెల్లార్‌లో ప్రార్థన గది కట్టారట. ఆదివారం ప్రారంభమట. పెద్దాయన మైకులో ఆ ఒక్క మాట అంటే చాలట.

"ఆయనకు ఓపిక లేదు బాబూ" అంది పిన్నిగారు.

"మేం మోసుకెళ్తాం కదండీ. లిఫ్టు సంగతి కూడా ఆ రోజే తేల్చేస్తాం."

"దేవుడు" అని మంచం కోడు అదిరేలా అరిచాడు పెద్దాయన.

"ఆయనే ఒప్పుకున్నారు, ఇంకేం" అని సెక్రటరీ లేచాడు.

వాళ్ళు వెళ్ళాక పిన్నిగారు ఆయన మూతి తుడుస్తూ కూర్చుంది.

"ఏమండీ, ఇన్నేళ్ళూ వినీ వినీ విసుక్కున్నాను. చెవుల్లో దూది పెట్టుకున్న రోజులున్నాయి. ఇప్పుడు మీ నోట ఆ రెండో మాట వినకపోతే నాకు దిగులుగా ఉంది" అంది. ఆయన ఆవిడ చెయ్యి పట్టుకున్నాడు. ఆవిడకు ఏడుపొచ్చింది.

ఆదివారం సెల్లార్ కిటకిటలాడింది. నిఘంటువు మైకు పట్టుకుని వెలుగు గురించి చెమటలు పట్టేదాకా చెప్పాడు. చివరికి మైకును పెద్దాయన ముందు పెట్టి చెయ్యెత్తాడు.

"ఇప్పుడు పెద్దాయన ఆ నామం పలుకుతారు. విన్నాక ఎవరూ కిక్కురుమనకూడదు. ఒక్క నిమిషం మౌనం. అర్థం లోపలికి దిగాలి."

పిన్నిగారికి వెలిగింది. డాక్టరమ్మ చెప్పిన మందు ఇదే. కుర్చీ మోసుకొచ్చిన మగవాళ్ళవైపు చూసింది. మూలనున్న లిఫ్టువైపు చూసింది. మైకు తీసేసి, ఆయనకు ఒంట్లో బాగాలేదంటే సరిపోతుంది. లేచి చెయ్యి చాచింది. మైకును ఆయన నోటికి ఇంకాస్త దగ్గరగా జరిపింది.

"దేవుడు" అన్నాడు పెద్దాయన.

చీమ చిటుక్కుమంటే వినపడేంత నిశ్శబ్దం. సెక్రటరీ కళ్ళు మూసుకున్నాడు. నిఘంటువు తల పైకెత్తాడు. పెద్దాయన పెదవులు కూడదీసుకున్నాడు. ఈసారి ఎవరూ అడ్డం రాలేదు.

"లేడు" అన్నాడు, జీవితమంతా ఊరూరా తిరిగి తన ప్రతి ఉపన్యాసాన్నీ మొదలుపెట్టినట్టే.