ముల్లు దిగేదాకా

"ఒక్క ఇనుప రజను లోపలికి పోయిందంటే?" డ్రైవర్ మూడోసారి అడిగాడు.

"పోతే బండి పోతుంది. అందుకే డ్రిల్లుకి గ్రీజు పూశాను. రజనంతా దానికే అంటుకుంటుంది. కాస్త పక్కకి జరుగు తమ్ముడూ, వెలుతురుకి అడ్డం," అంది మెకానిక్ స్పానరక్క, పికప్ కింద వెల్లకిలా పడుకుని.

డ్రైవర్ జరిగాడు. పొగగొట్టానికి బెజ్జం పెడుతున్న చప్పుడు తన పంటికే పెడుతున్నట్టుంది. అతనికి బండి నడపడం వచ్చు, అంతే. ఆరేళ్ళ కిందట సెకండ్ హ్యాండులో కొన్న ఆ డీజిల్ పికప్ బానెట్ ఎత్తిన పాపాన పోలేదు. పోయిన నెల ఘాట్ మీద అతని కళ్ళముందే ఒక బండి ఇంజిన్ పట్టేసింది. లోడుతో సహా వెనక్కి దొర్లి బండరాయికి కొట్టుకుంది. ఆ డ్రైవర్‌కి కాలు తీసేశారు. అప్పటినుంచి ఇతనికి కంటిమీద కునుకు లేదు.

ఇంజిన్ వేడి తెలిపే మీటర్లు పెట్టిద్దామని మొదట అన్నది అతని భార్య.

"నీకెవరు చెప్పారు?" వెంటనే అడిగాడు.

"ఎవరూ చెప్పలేదు. ఆ షెడ్డు బోర్డు మీద రాసుంది," అందామె తల వంచుకుని.

ఆ షెడ్డులో మెకానిక్ ఆడమనిషి. ఆడవాళ్ళ చేతికి ఇంజినా అని మొదట నవ్వాడు. కానీ మిగతా షెడ్ల నిండా మగవాళ్ళే. భార్య అక్కడ కూర్చోవడం అతనికి ఇష్టం లేదు. ఆమెను క్షణం వదిలి ఉండలేడు మరి. ఇదివరకు లోడుకి వెళ్తే ఇంటికి బయట తాళం వేసి వెళ్ళేవాడు. ఇరుగుపొరుగు బుగ్గలు నొక్కుకుంటున్నారని ఇప్పుడు పక్క సీట్లోనే కూర్చోబెట్టుకుని తిప్పుతున్నాడు. ఆమె ఫోను కూడా అతని జేబులోనే భద్రంగా ఉంటుంది. ఇంతగా చూసుకునే మొగుడు ఎంతమందికి దొరుకుతాడు?

ఆ రోజు మాత్రం నిశ్చింతగా ఆమెను షెడ్డులో వదిలి, ఎదురు కొట్టులో రెండు టీలు తాగొచ్చాడు. వచ్చేసరికి ఆడవాళ్ళిద్దరూ బండి పక్కన నిలబడి ఉన్నారు. ముందు అద్దం పక్కన రెండు గుండ్రటి మీటర్లు బిగించి ఉన్నాయి.

"ఇది ఇంజిన్ ఆయిల్ ఒత్తిడి. ముల్లు పడిపోతే ఎక్కడున్నా బండి ఆపెయ్. ఇది పొగ వేడి. అసలు ప్రాణం దీని మీదే ఉంది," అంది స్పానరక్క. "పొగ ఊపుకి తిరిగే టర్బో ఒకటి ఉంటుంది. కొండ ఎక్కాక అది నిప్పుకణికే. ఆ వేడి మీద ఇంజిన్ ఆపావో, లోపల ఆయిల్ మాడి పట్టేస్తుంది. ఆ తర్వాత లోడుతో కొండ ఎక్కుతుండగా..."

"చెప్పకక్కా!"

"అందుకని ముల్లు ఈ ఎర్రగీత కిందికి దిగేదాకా ఇంజిన్ నడుస్తూనే ఉండాలి. యాక్సిలరేటర్ మీద కాలు సన్నగా ఆనించి ఉంచు. సీట్లోంచి లేవకు. ముల్లు మీంచి చూపు తిప్పకు."

"ఎంతసేపు?"

"పది నిమిషాలు."

"తప్పకుండా పది నిమిషాలు పడుతుందా అక్కా?" భార్య అడిగింది.

"పడుతుంది. నేను నడిపి చూశాగా."

బండి మీద ఆమెకీ ఇంత బెంగ ఉందా అని డ్రైవర్ మురిసిపోయాడు.

మర్నాడు ఉదయం టైల్స్ లోడుతో ఘాట్ ఎక్కారు. మొదటి మలుపుకే వేడి ముల్లు మూడొందల డిగ్రీలు దాటింది. మూడో మలుపుకి నాలుగొందల యాభై. చెమట పట్టిన అరచేతులు స్టీరింగ్ మీద జారుతున్నాయి. పక్కన లోయ, ఎదురుగా ముల్లు, ఎటు చూసినా భయమే. ఇన్నాళ్ళూ ఇంత వేడి మీదే బండి నడిపాడు గానీ, తెలియనంతకాలం హాయిగానే ఉండేది.

భార్య ముఖంలో నెత్తురు చుక్క లేదు. తలుపు పిడి గట్టిగా పట్టుకుని కూర్చుంది.

"ఎంత ఉంది?" అడిగింది.

"అయిదొందలు. భయపడకు, నేనున్నాగా."

ఆమె మళ్ళీ ముల్లు వైపు చూసింది.

కొండమీద బస్సులు ఆగే చోట బండి ఆపాడు. ఇంజిన్ ఆపలేదు. కాలు యాక్సిలరేటర్ మీద ఆనించి ముల్లుకేసి చూస్తూ కూర్చున్నాడు.

"బాత్రూమ్‌కి వెళ్ళొస్తానండీ."

మామూలుగా అయితే తనే వెంట వెళ్ళి బయట కాపలా నిలబడేవాడు. ఇప్పుడు ఆమెవైపు చూశాడు, ముల్లువైపు చూశాడు.

"రెండు నిమిషాల్లో రావాలి."

"ఊఁ."

నాలుగొందలు. ముల్లు నత్తలా దిగుతోంది. వెనక ఎక్కడో కండక్టర్ ఈల వేశాడు. తల తిప్పబోయి ఆగాడు. ఆ ఒక్క క్షణంలోనే ఏమైనా అయితే? మూడొందల యాభై. "ఏయ్, అయిందా?" అని చూపు తిప్పకుండానే కేకేశాడు. జవాబు రాలేదు. దిగి చూడాలని ఉంది. దిగితే యాక్సిలరేటర్ మీంచి కాలు తీయాలి. మూడొందలు. బండి కోసం భయపడుతున్నాడో ఆమె కోసం భయపడుతున్నాడో అతనికే తెలియడం లేదు.

ముల్లు ఎర్రగీత కిందికి దిగగానే తాళంచెవి తిప్పి ఒక్క దూకు దూకాడు. బాత్రూమ్ తలుపులు బార్లా తెరిచి ఉన్నాయి. లోపల ఎవరూ లేరు. టీకొట్టులో లేదు. ఇందాక ఈల వినిపించిన బస్సు వెళ్ళిపోయింది. ఏ వైపు వెళ్ళిందో కూడా అతను చూడలేదు. రోడ్డు మీద అటు కొంత దూరం, ఇటు కొంత దూరం పరిగెత్తి, రొప్పుతూ బండి దగ్గరికి వచ్చాడు.

అక్కడ ఒక లారీ డ్రైవర్ నిలబడి ఉన్నాడు.

"ఏంటన్నా, డీజిల్ ఊరికే వచ్చిందా? అంతసేపు ఇంజిన్ ఆపకుండా కూర్చున్నావ్?"

"టర్బో చల్లారాలి కదా," అన్నాడతను, కళ్ళతో రోడ్డంతా వెతుకుతూనే.

లారీ డ్రైవర్ పికప్‌ని ముందునుంచి వెనకదాకా ఒకసారి చూసి, అతన్ని వింతగా చూశాడు.

"ఈ మోడల్‌కి టర్బోయే లేదన్నా."