మఫ్లరావిడ మూడో నిమిషం

మూడు నిమిషాలు పూర్తికాకుండానే డాక్టరు గారు "చాలండీ" అన్నారు.

ఆయన పళ్ల డాక్టరు. నోరు తెరిపించడమే తప్ప, తెరిచిన నోటిని మాట్లాడనివ్వడం ఆయన వృత్తిలో లేదు.

ఆ ఊరి సినిమా ప్రియుల సంఘానికి ఆయనే అధ్యక్షుడు. ప్రతి ఆదివారం మధ్యాహ్నం టైలరు గారి షాపు మేడమీద పదిమంది కూడతారు. ఈమధ్య చూసిన సినిమా గురించి ఒక్కొక్కరూ మూడు నిమిషాలు మాట్లాడాలి. ఆ మూడు నిమిషాలూ ఎవరూ అడ్డు రాకూడదు. సంఘానికి ఉన్న నియమం అదొక్కటే.

ఆ నియమం పెట్టింది కార్యదర్శి. అందరూ ఆమెను వదిన అంటారు. ఇంట్లో తన మాట మూడు నిమిషాలు వినే నాథుడు లేక పెట్టిన నియమం అది. గడియారం చూసేదీ ఆమే.

ఆ రోజు మాట్లాడుతున్నావిడ సంఘానికి కొత్త. అరవై దాటి ఉంటాయి. మండుటెండలో కూడా మెడకు మఫ్లరు. పేరు ఎవరూ అడగలేదు. మఫ్లరావిడ అనేసుకున్నారు. గొంతు తుప్పు పట్టిన గడియ తీస్తున్నట్టు ఉంది.

ఆ వారం అందరూ చూసింది ఒకటే సినిమా. నలభై ఏళ్ల నాటిది, కొత్త ప్రింటుతో మళ్లీ విడుదలైంది. అందులో హీరోయిన్ కోర్టు బోనులో నిలబడి మాట్లాడే సీను గురించి చెబుతూ డాక్టరు గారు కళ్లజోడు తుడుచుకున్నారు. టైలరు గారు ముక్కు తుడుచుకున్నారు.

మఫ్లరావిడ లేచి, రెండు నిమిషాలు మిగతా సినిమా సంగతి చెప్పి, "ఆ సీన్లో ఆ పిల్ల చేసిందేమీ లేదు. మొహం గోడలా ఉంది" అంది.

డాక్టరు గారు చాలన్నది అప్పుడే.

"నాకింకా నిమిషం ఉంది."

"గంటిచ్చినా తప్పు తప్పేనండీ. ఆ సీనుకి మా అమ్మ వారం రోజులు ఏడ్చింది."

"ఏడ్చే ఉంటారు. ఆ మొహం చూసి మాత్రం కాదు. ఓసారి సౌండు తీసేసి చూడండి."

"సౌండు తీసేస్తే ఇంకేముంటుందమ్మా సినిమాలో?" అన్నారు టైలరు గారు.

"నేనడిగేదీ అదే."

అందరూ నవ్వారు. డాక్టరు గారు నవ్వలేదు.

"మహానటిని పట్టుకుని నోటికొచ్చినట్టు మాట్లాడేవాళ్లు మనకొద్దనుకుంటే చేతులెత్తండి."

తొమ్మిది చేతులు లేచాయి. చివరిది వదినది. అందరి చేతులూ పైనుంటే తనది ఒళ్లో ఉండడం ఎబ్బెట్టుగా తోచింది, ఎత్తింది.

మఫ్లరావిడ కూర్చోలేదు.

"దించుకోండి, నొప్పెడతాయి. నా నిమిషం నాది. చెప్పే వెళ్తాను."

డాక్టరు గారు కుర్చీ వెనక్కి లాగి లేచారు. ఆయన వెనకే అందరూ లేచారు. కుర్చీల రొద, కింద షాపులో కుట్టుమిషన్ల రొద. ఆ రొదలో ఆవిడ నిటారుగా నిలబడి, ఎవరూ వినకపోయినా, నిమిషం పాటు మాట్లాడింది. పెదవులు కదలడం వదిన చూసింది. ఒక్క ముక్క వినపడలేదు. చెప్పడం అయ్యాక ఆవిడ సంచీ భుజాన వేసుకుని, తల వంచకుండా మెట్లు దిగిపోయింది.

సౌండు తీసేసి చూడమన్న మాట వదిన చెవిలో జోరీగలా తిరిగింది. ఇంటికొచ్చి, ఫోన్లో ఆ సీను పెట్టి శబ్దం తీసేసింది.

"అదేంటి, వినకుండా చూస్తున్నావ్?" అన్నాడు భర్త.

"మీరు రోజూ నన్ను చూసినట్టే."

మొహం నిజంగానే గోడ. శబ్దం పెట్టింది. వదిన కళ్లు నిండిపోయాయి.

మరుసటి ఆదివారం మఫ్లరావిడ రాలేదు.

"నియమం తప్పింది మనం. ఆవిణ్ణి పిలుచుకొస్తాను. ఆ నిమిషం ఆవిడ మాట్లాడాకే ఇంకెవరైనా నోరు తెరవడం" అంది వదిన.

"కుదరదంటే, వదిన గారూ?" అన్నారు డాక్టరు గారు.

"అయితే కొత్త కార్యదర్శిని వెతుక్కోండి. గడియారం నాది, కాఫీ ఫ్లాస్కు నాది."

ఎవరూ తెరవకుండానే డాక్టరు గారి నోరు తెరుచుకుంది.

హాజరు పుస్తకంలో ఆవిడ రాసిన చిరునామా రెండు వీధుల అవతల. తలుపు తీసింది మఫ్లరావిడ కూతురు.

"సినిమా సంఘం వాళ్లా? అమ్మకి బుధవారం ఆపరేషనైందండీ. గొంతులో గడ్డ. ప్రాణానికి ఢోకా లేదు గానీ, మాట ఇక రాదన్నారు."

కూతురు తలుపు బార్లా తీసింది.

"మీ దగ్గర మాట్లాడాలని మూడు రోజులు మాతో కూడా మాట్లాడలేదు. ఉన్న కాస్త గొంతూ అరిగిపోతుందని. ఇంతకీ, విన్నారా?"

వదిన చెప్పులు విడిచి లోపలికి నడిచింది.

లోపల ఆవిడ మంచం మీద నిటారుగా కూర్చుని ఉంది. మెడకు కట్టు. చూపులో మాత్రం ఏ తగ్గుదలా లేదు.

"నేనూ చెయ్యెత్తానమ్మా" అంది వదిన. "ఆ నిమిషం మీరేం చెప్పారో నాకు వినపడలేదు. ఇప్పుడు చెప్పండి. మేడమీద అందర్నీ కూర్చోబెట్టి నేను చెబుతాను."

ఆవిడ పక్కనున్న నోటుపుస్తకం అందుకుని, పేజీ నిండా పెద్దపెద్ద అక్షరాలతో రాసి, పైకెత్తి పట్టుకుంది:

"బోనులో నిలబడింది ఆ పిల్ల, మాట్లాడింది నేను."