హాల్లో లైటుకు దణ్ణం

స్విచ్చులు పోయి, ఇళ్ళలో లైట్లు చేతి సైగలకు వెలుగుతున్న రోజులవి. కనకవల్లి ఇంటి హాల్లో లైటు మాత్రం సందెవేళ వెలిగిన మరుక్షణమే ఆరిపోతోంది.

"వెలగ్గానే ఏం చేస్తున్నారు పిన్నిగారూ?" ఫోన్లో మెకానిక్ అడిగాడు.

"ఏం చేస్తాం? దీపానికి దణ్ణం పెట్టుకుంటాం."

"అదేనండీ! చేతులు కలిపితే ఆరిపొమ్మని కంపెనీవాళ్ళు దానికి నేర్పారు. ఇప్పుడే మార్చెయ్యనా?"

పక్కగదిలో చెల్లెలు సుభాషిణి, చంద్రుడి మీద ఉద్యోగానికి పెట్టె సర్దుకుంటోంది. కనకవల్లి గొంతు తగ్గించింది.

"ఎల్లుండి చూద్దాంలే నాయనా."

మర్నాడు సందెవేళ సుభాషిణి పెట్టె అందుకుంది.

"దీపానికి దణ్ణం పెట్టుకుని బయల్దేరవే," అంది అక్క.

చెల్లెలు చేతులు జోడించింది. హాలంతా చీకటైపోయింది.

"అయ్యో, అపశకునం! కాస్త కూర్చుని, మంచినీళ్ళు తాగి వెళ్దువుగాని."

"రోజూ ఆరేదేగా అక్కా," అంటూనే చెల్లెలు కూర్చుంది.

కనకవల్లి మంచినీళ్ళ కోసం వంటింటివైపు నడిచింది, మెల్లగా, చాలా మెల్లగా.