కామెర్ల పెళ్లికూతురు

"మీ కంప్యూటర్ తెర నీలంగా ఉందండీ," అన్నాడు స్టూడియోలోకి వచ్చిన పెద్దమనిషి.

యజమాని తలెత్తలేదు. తెర మీద పెళ్లికూతురి బుగ్గలు దిద్దుతున్నాడు.

"మీ కళ్లజోడు మార్చుకోండి. పాస్‌పోర్టు ఫోటోనా?"

"కాదండీ. తెర నీలంగా ఉంటే, మీకు తెలియకుండానే ముఖాలకు పసుపు రంగు ఎక్కువ కలిపేస్తారు. తెర వెలుతురూ మరీ పెంచేశారు. అందుకే ఫోటోను చీకటి చేసేస్తున్నారు. పైగా కిటికీలోంచి ఎండ..."

"అయ్యా! పన్నెండేళ్లుగా ఇదే తెర, ఇదే కిటికీ. ఒక్క ప్రింటు తేడా రాలేదు!"

పెద్దమనిషి నవ్వు ఆపుకున్నాడు. సంచిలోంచి గుప్పెట్లో పట్టేంత నల్లటి పరికరం తీశాడు.

"దీన్ని తెరకు ఆనించి పావుగంట వదిలేస్తే చాలు. రంగులు కొలిచి తేడా సరిచేస్తుంది."

యజమానికి లెక్క తేలిపోయింది.

"అదీ సంగతి! ముందు భయపెట్టడం, తర్వాత డబ్బా అంటగట్టడం!"

"అమ్మడానికి రాలేదండీ. ఊరికే..."

"ఊరికే ఇస్తామనేవాళ్లంటే నాకు ఇంకా భయం!"

యజమాని లేచి తలుపు తీసి పట్టుకున్నాడు.

పెద్దమనిషి గుమ్మంలో ఆగాడు. "పోనీ, ఆ కర్టెన్ అయినా వేసుకోండి బాబూ."

ఆయన వీధి మలుపు తిరగగానే యజమాని కర్టెన్‌ను ఇంకాస్త పక్కకు లాగాడు.

పది రోజులకు పెళ్లికొడుకు తల్లి ఆల్బమ్ చంకలో పెట్టుకుని ఊడిపడింది.

"మా కోడలికి కామెర్లెప్పుడొచ్చాయయ్యా? చూసినవాళ్లంతా మందులు చెబుతున్నారు! మావాడైతే బొగ్గు గనిలోంచి నేరుగా పెళ్లికొచ్చినట్టున్నాడు!"

యజమాని ఆల్బమ్ తెరిచాడు.

పెళ్లికూతురికే కాదు, వెనక నిలబడ్డ చుట్టాలందరికీ కామెర్లే.

తన ప్రింట్లు వేసే ల్యాబుకు అప్పటికప్పుడే ఫోన్ చేసి విరుచుకుపడ్డాడు.

"ఫోటోలన్నీ తగలేశారు కదయ్యా!"

"మీరు పంపినవి పంపినట్టే వేశాం సార్."

"మరి ఇన్నేళ్లూ బంగారంలా ఎలా వచ్చాయి?"

అవతలి గొంతు తగ్గింది.

"ఇన్నేళ్లూ మా పెద్దాయనొకరు మీ ఫోటోలు ఒక్కొక్కటే కూర్చుని సరిచేశాకే ప్రింటుకు పంపేవారు సార్, ఈమధ్యే రిటైరయ్యారు, 'ఇక దిద్దేవాళ్లుండరు, పాపం ఆయన తెర ఒక్కటి బాగుచేసి వస్తా'నని మీ దగ్గరికే బయల్దేరారే... రాలేదా?"