అనుభవం ఉన్న మనిషి

ఈ గురువారం కూడా సింధూర చాయ్ ముట్టలేదు.

యాదలక్ష్మికి ఒళ్లు మండింది. అల్లం దంచి, ఇలాచీ వేసి, ఉన్న ఒక్క పింగాణీ కప్పులో పోసి ఇచ్చిందాయె. మర్యాదకైనా ఒక గుక్క తాగితే ఏం పోయింది?

మూడు నెలలుగా ఇదే తంతు. నాలుగయ్యేసరికి గుమ్మంలో ఉంటుంది. అయిదు కాగానే, ఎదుటివాళ్లు ఏం చెబుతున్నా సరే, లేచి వెళ్లిపోతుంది. మొహం చూసి మాట్లాడదు. చూపంతా గోడమీది క్యాలెండర్ మీదే.

"ఆంధ్రోళ్లు గట్లనే ఉంటరు" అన్నాడు షేర్ ఆటో నడిపే మొగుడు సాయినాథ్. "మన కిరాయి రూములో చాయ్ తాగితే ఆమె ఇజ్జత్ పోతది."

వాళ్ల కొడుకు వంశీకి ఆరేళ్లు. ఒక్క మాట రాదు. మిక్సీ తిరిగితే చాలు, తల గోడకేసి కొట్టుకుంటాడు. ఎల్బీ నగర్‌లో రెండు బళ్లు వాణ్ణి వద్దని పంపేశాయి. దవాఖానలో ఎవరో దిల్‌సుఖ్‌నగర్‌లోని ఒక సంస్థ చిరునామా ఇచ్చారు. ఇలాంటి పిల్లలున్న ఇళ్లకు వారానికోసారి ఒక మనిషిని తోడు పంపుతారట.

"అనుభవం ఉన్న మనిషినే పంపుతామమ్మా" అంది ఆఫీసులో లలితకుమారి మేడం.

యాదలక్ష్మికి ప్రాణం లేచొచ్చింది. అనుభవమంటే ఇలాంటి బిడ్డను పెంచిన తల్లే కదా! ఈ పిల్లలు పెద్దయ్యాక ఎలా ఉంటారో ఒక్కరినైనా కళ్లారా చూడాలని ఆమె ఆశ. తాను పోయాక వీడి గతేమిటన్నది ఒక్కటే దిగులు.

తీరా చూస్తే ఈ సింధూర దిగింది. ముప్పై ఏళ్లుండవు. పెళ్లే కాలేదట.

పని తెలియదని కాదు. మొదటిరోజే పైకి చూసి, "ఆ ట్యూబ్‌లైట్ రొద చేస్తోందండీ, మార్చేయండి" అంది. చొక్కాల వెనక లేబుళ్లు కత్తిరించమంది. వంశీ తల కొట్టుకోవడం సగానికి సగం తగ్గింది. చదువుకున్నవాళ్లకు ఇలాంటివి తెలుస్తాయి మరి. కానీ పిల్లాణ్ణి ఒక్కసారీ ఎత్తుకోలేదు, ముద్దు చేయలేదు. వాడికి రెండు బారల దూరంలో గోడకానుకుని ఊరికే కూర్చునేది.

ఈ గురువారం యాదలక్ష్మి ఉండబట్టలేక అడిగేసింది. "వీడు ఎన్నడన్న నన్ను అమ్మా అంటడా?"

"తెలీదండీ" అంది సింధూర, క్యాలెండర్ వైపు చూస్తూ. "అనకపోవచ్చు."

యాదలక్ష్మి కొంగు నోట్లో కుక్కుకుని ఏడ్చింది. అయిదయింది. సింధూర లేచి వెళ్లిపోయింది.

మర్నాడే యాదలక్ష్మి దిల్‌సుఖ్‌నగర్ ఆఫీసుకు వెళ్లింది.

"గామె వద్దు మేడం. మనిషి కాదు, బండరాయి. కన్నకడుపు బాధ ఎరికున్నోళ్లను పంపుండ్రి."

లలితకుమారి పెన్ను మూసి అడిగింది. "మీరన్న మాటలు ఉన్నవి ఉన్నట్టు ఆమెకు చదివి వినిపించాలమ్మా. మా పద్ధతది. వినిపించమంటారా?"

"వినిపియ్యుండ్రి. తెలువాలె గదా."

కొత్తగా విజయదుర్గ వచ్చింది. ఇద్దరు బిడ్డల తల్లి. రెండు కప్పుల చాయ్ తాగింది. యాదలక్ష్మిని పట్టుకుని తానూ ఏడ్చింది. వంశీని ఒళ్లోకి లాక్కుంటే వాడు కేకలు పెట్టి మంచం కిందికి దూరాడు.

మరుసటి గురువారం నాలుగింటికి వాడు వాకిలికెదురుగా వచ్చి కూర్చున్నాడు. విజయదుర్గ వచ్చినా కదల్లేదు. అయిదు దాకా గుమ్మం వైపే చూశాడు. ఆ పై వారమూ అంతే, ఆ పై వారమూ అంతే. వాడు పుట్టి బుద్ధెరిగి ఎవరి కోసమూ ఎదురుచూసిన పిల్లాడు కాదు. యాదలక్ష్మి గుండె చెరువైంది.

మళ్లీ ఆఫీసుకు పరుగెత్తింది.

"తప్పయింది మేడం. సింధూరమ్మనే పంపుండ్రి. చాయ్ తాగకున్నా మంచిదే."

"రాదమ్మా. మీ మాటలు విన్నరోజే మానేసింది. ఇక ఏ ఇంటికీ వెళ్లదట."

"గంత కోపమా?"

"కోపమేమీ లేదు. మీరన్నదే నిజమని నమ్మింది."

యాదలక్ష్మి కుర్చీలో కూలబడింది.

"పెండ్లి గాలే, పిల్లలు లేరు. మరి మావోని మనసు ఆమెకు ఎట్ల తెలిసింది మేడం?"

"సింధూరను ఆరేళ్లప్పుడు వాళ్లమ్మ నా దగ్గరికే తీసుకొచ్చిందమ్మా, అప్పుడు అచ్చం మీ వంశీయే."