వెయ్యి రెట్ల అనుమానం

ఆ అంకె చూడగానే పెద్దాయనకు ఒళ్లు మండింది.

రోజువారీ పుస్తకంలో ఇరవై పాయింట్ ఒకటి ఐదు అని ఉంది. పాత పుస్తకాల్లో ఏ పేజీ తిప్పినా ఇరవై వేల పైచిలుకే. ముప్పై ఏళ్లు ఆయన స్వయంగా రాసిన అంకెలవి.

"ఇదెవరు రాశారమ్మా?"

"నేనే మాస్టారూ," అంది ఫిజిసిస్టు. ఆయన దగ్గరే పని నేర్చుకున్న పిల్ల. "కొత్త మీటరు నానోకులూంబుల్లో చూపిస్తుంది. మీ పాతది పికోల్లో చూపించేది. ఒక నానోకి వెయ్యి పికోలు కదా. రెండూ ఒకటే."

"తాతకు దగ్గులు నేర్పకు."

ఆయన రిటైరై నాలుగేళ్లయింది. అనుమానం మాత్రం రిటైరవలేదు.

అది ఆసుపత్రిలో క్యాన్సర్ గడ్డల మీద కిరణాలు వేసే యంత్రం ఉన్న గది. పొద్దున్నే ప్లాస్టిక్ దిమ్మలో వేలెడంత గొట్టం దూర్చి బల్ల మీద పెడతారు. కిరణం తగిలితే గొట్టంలో పుట్టే కాస్తంత విద్యుదావేశాన్ని బయట మీటరు చూపిస్తుంది. ఆ అంకె సరిగ్గా ఉంటేనే మోతాదు సరైనట్టు. ఎక్కువైతే గడ్డతో పాటు మనిషీ మాడతాడు. తక్కువైతే గడ్డ నిక్షేపంగా మిగులుతుంది.

పది గంటలకు మొదటి పేషెంటు. ఊపిరితిత్తిలో గడ్డ. గడియారం తొమ్మిదిన్నర చూపిస్తోంది.

"మూడు రోజులుగా పొల్లు పోకుండా ఇదే అంకె ఉందేం?" పెద్దాయన కళ్లజోడు సవరించుకున్నాడు. "నిన్నటిది చూసి ఇవాళ దించేశావా?"

ఆ పిల్ల ముఖం చిన్నబోయింది. "మీ దగ్గర అదా నేను నేర్చుకుంది?"

"నేర్పినవాణ్ణి కాబట్టే అడుగుతున్నా. నా కళ్లముందు తియ్యి."

తలుపు మూసి మీట నొక్కింది. ఇరవై పాయింట్ ఒకటి ఐదు. ఆయన నమ్మలేదు. తనే మీటరును పికోల్లోకి మార్చాడు. ఇరవై వేల నూట యాభై. అదీ చాల్లేదు. చిత్తుకాగితం మీద వెయ్యితో గుణించి, సున్నాలు వేలితో లెక్కపెట్టుకున్నాడు.

"మళ్లీ తియ్యి."

ఈసారి ఇరవై వేల నూట నలభై. పెద్దాయన మనసు కుదుటపడింది. నిజమైన కొలత ఆ మాత్రం కదులుతుంది. దించిన అంకే బండరాయిలా కూర్చుంటుంది.

పెన్ను తీశాడు. "రెండో సంతకం నేను పెడతా."

"మీరు పెట్టకూడదు మాస్టారూ."

"ఇద్దరు చూడందే ఎవరినీ బల్ల ఎక్కించకూడదని రూలు పెట్టిందే నేను."

"ఆ ఇద్దరూ డ్యూటీలో ఉండాలన్నదీ మీరే." ఆ పిల్ల నేల చూపులు చూసింది.

టెక్నీషియన్ వచ్చి గబగబా సంతకం గీకబోయాడు. పెద్దాయన అతని చెయ్యి పట్టుకుని ఆపాడు. "అంకె చూసి పెట్టు నాయనా. అవతల ఒక ప్రాణం ఉంది."

అతను చూశాడు. లెక్క వేశాడు. అప్పుడు పెట్టాడు.

పది కొట్టింది. ఆ పిల్ల లోపలికెళ్లి దిమ్మ తీసేసి, బల్ల మీద తెల్లదుప్పటి పరిచి, తలుపు దగ్గరకొచ్చి నిలబడింది.

పెద్దాయన కళ్లజోడు ఆమె చేతికిచ్చి, చొక్కా గుండీలు విప్పుకుని, ఆ రోజు మొదటి పేషెంటుగా బల్ల ఎక్కి పడుకున్నాడు.