నోళ్లు చూసే అద్దం

ఆ జాలరిపేటలో పొద్దున్నే అందరూ గోడమీది అద్దానికి నోరు చూపించాలి. అద్దం చీటీ ఇస్తేనే కేన్సర్ ఆసుపత్రి బండి వస్తుంది. చీటీ లేనివాళ్లకు ఆసుపత్రి గేటు తెరుచుకోదు.

పేటలో ఆడవాళ్లు అడ్డపొగ తాగుతారు, చుట్ట నిప్పు నోటి లోపలికి పెట్టుకుని. మసేనమ్మదీ నలభై ఏళ్ల అలవాటు. ఇప్పుడు అంగిట్లో పుండు. నెల్లాళ్లుగా గంజి కూడా దిగడం లేదు.

ఆమె నోరు తెరిచింది.

"మీ నోరు మీ పేటవాళ్ల నోళ్లలాగే ఉంది. భయం లేదు," అంది అద్దం, నిన్నటిలాగే.

"అందరియీ కాలిపోయిన నోళ్లే కదత్తా! అయ్యే సూసి నేర్సుకుందిది," అంటూ కోడలు దానమ్మ అద్దాన్ని అరచేత్తో కొట్టింది. "మళ్లీ తెరువు."

"ఎన్నిసార్లు తెరిసేదే? దవడలు పీకేత్తన్నాయి."

పేట మొత్తంలో చుట్ట ముట్టనిది దానమ్మ ఒక్కతే. తన వంతుకి విసుగ్గా నోరు తెరిచింది. అద్దం ఎర్రబడింది.

"మీ నోరు మీ పేటవాళ్ల నోళ్లలా లేదు. ప్రమాదం. బండి బయల్దేరింది."

బండి వచ్చింది.

"నాకు కాదు బాబూ, మా అత్తకి!"

"చీటీ నీ పేరు మీదే వచ్చిందమ్మా," అంటూ బండివాళ్లు దానమ్మను రెక్క పట్టుకుని ఎక్కించారు.

బండి వెళ్లిపోయాక మసేనమ్మ మళ్లీ నోరు తెరిచింది.

"భయం లేదు," అంది అద్దం.